కానుగ గింజలతో బల్బు వెలిగిన గూడేలు



పోస్టు పెద్దగనే ఉంటది. పరీక్షలు అయిపోయినయ్ కాబట్టి తీరిగ్గా రాస్తున్నాం, మీరు కూడా తీరిగ్గా చదవండి.

మొన్న క్లాసులో కొత్త ఇంధనాల గురించి పాఠం జరిగింది. సోలార్, గాలి మర, బయోడీజిల్ అన్నీ చెప్పారు. మధ్యలో ఒక దోస్తు మా బెంచీ వైపు తిరిగి నవ్వుకుంటూ అడిగాడు: "మీ గూడెంల కరెంట్ ఉంటదా రా? దీపాలేనా?" చుట్టుపక్కల నలుగురు నవ్వారు. వాడు చెడ్డోడేం కాదు, మాతోనే తింటాడు, మాతోనే తిరుగుతాడు. కానీ మేము ఒక్క మాట తిరిగి చెప్పలేకపోయాం. నోరు లేక కాదు. చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదనుకున్నాం.

ఆ తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివితే తెలిసింది. వాడికి చెప్పడానికి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. బయోడీజిల్ అనే మాట పేపర్లలో ఇంకా పెద్దగా కనిపించని రోజుల్లోనే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఆదివాసీ గూడెం కానుగ నూనెతో జనరేటర్ నడిపి బల్బులు వెలిగించుకుంది. ఇంకో గూడెంలో మన ఆడవాళ్ళు ప్రపంచ బ్యాంకుకే ఒక సరుకు అమ్మారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకంలో లేదు, మన ఇళ్ళల్లో కూడా పెద్దగా చెప్పుకోం. అందుకే రాస్తున్నాం.

ముందు చెట్టు సంగతి చెప్పాలి. కానుగను మన దిక్కు కొందరు గానుగ చెట్టు అనే అంటారు. వాగు ఒడ్డున, చేను గట్టున, రోడ్డు పక్కన ఎక్కడైనా ఉంటది. ఎండాకాలంలో అన్ని చెట్లు బోసిపోయినప్పుడు దీని కింద చల్లగా ఉంటది. కాయలు ఎండి రాలుతాయి. కాయ పగలగొడితే లోపల ఒకటి రెండు గోధుమరంగు గింజలు. చేదు. తినడానికి పనికిరాదు. అయినా మన ముసలోళ్ళు ఆ చెట్టును ఎప్పుడూ పనికిరానిది అనలేదు. గజ్జి, తామర వస్తే కానుగ నూనె రాసేవాళ్ళు. ఎద్దుకు పుండు పడితే అదే నూనె. కిరసనాయిలు ఊళ్ళకు రాకముందు దీపంలో పోసింది కూడా ఇలాంటి అడవి నూనెలే. ఇప్ప గింజల నూనె కూరకు, దీపానికి రెండింటికీ వాడితే, కానుగ నూనె దీపానికి, ఒంటికి. నూనె తీశాక మిగిలిన పిండి చేనుకు పోయేది. మా తోటివాళ్ళలో ఒకరి అవ్వను అడిగితే ఒక్క ముక్కలో చెప్పింది: "గది చేదు గింజ బిడ్డా. తినరాదు గని, వెలుగిస్తది."

ఆ అవ్వ చెప్పిన మాటనే ఇప్పుడు సైన్సు వేరే పేరుతో చెబుతోంది. తిండికి పనికిరాని నూనె గింజలనుంచి ఇంధనం తీస్తే తిండికీ బండికీ పోటీ ఉండదు అంటోంది.

నూనెతో ఇంజను నడవడం కూడా కొత్త ముచ్చట కాదు. 1900లో పారిస్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక ఫ్రెంచ్ కంపెనీ చిన్న డీజిల్ ఇంజనును పల్లీ నూనెతో నడిపి చూపించింది. ఆ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తర్వాతి కాలంలో దాని గురించి స్వయంగా చెప్పాడు. ఆఫ్రికాలోని తమ వలస ప్రాంతాల్లో పల్లీ బాగా పండుతుంది కాబట్టి, అక్కడి నూనెతో అక్కడే ఇంజన్లు నడపొచ్చా అని ఫ్రెంచ్ ప్రభుత్వం ఆలోచించింది. అంటే డీజిల్ ఇంజను పుట్టిన కొద్ది ఏళ్ళకే చెట్టు నూనె, గింజ నూనె దానికి తాగించి చూశారు. తర్వాత భూమిలోంచి తీసిన నూనె చౌకగా దొరికింది, గింజ నూనె పక్కకు పోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు కరువు వచ్చినప్పుడు మళ్ళీ అడవి గుర్తుకొచ్చింది. పాత తరం వాళ్ళు బొగ్గు బస్సుల గురించి చెబుతారు. బస్సు వెనక పొడుగాటి డ్రమ్ము. అందులో కట్టెబొగ్గు పోసి అంటించి, గాలి సరిపోను అందకుండా కాలుస్తారు. అప్పుడు మండే గ్యాసు పుడుతుంది, దాంట్లో ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, కొంచెం హైడ్రోజన్ ఉంటాయి. ఆ గ్యాసును వడకట్టి ఇంజనులోకి పంపితే బస్సు కదులుతుంది. బయలుదేరే ముందు చాలాసేపు గాలి కొట్టాలి, ఎత్తు ఎక్కలేకపోతే జనం దిగి తోయాలి. ఈ రోజు పుస్తకాల్లో బయోమాస్ గ్యాసిఫికేషన్ అని రాసేది ఈ పద్ధతినే. ఆ కట్టెబొగ్గు ఆకాశం నుంచి రాలేదు, చెట్టు కొట్టి కాలిస్తేనే వచ్చింది. యుద్ధం అయిపోయి పెట్రోలు రాగానే డ్రమ్ములు పాత ఇనుప సామానుకు పోయినయ్.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పట్నానికి ఇంధనం తక్కువైన ప్రతిసారీ అడవి గుర్తుకొస్తది. తక్కువ తీరిపోగానే మరిచిపోతరు. ఈ వరస గుర్తుపెట్టుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమైతది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 1940లో కొమరం భీం జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. జల్, జంగల్, జమీన్ మనదని పోరాడిన నేల అది. ఆ పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. 1943లో జైనూరు దగ్గరి మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు చెప్పడానికి గోండు టీచర్లకే శిక్షణ మొదలైంది. ఇప్పుడు కాలేజీ దాకా వచ్చిన మనందరి చదువుకు ఒక వేరు అక్కడుంది. కానీ చదువు వచ్చినంత తొందరగా కూడా కరెంటు రాలేదు. తూర్పున బెల్లంపల్లి, మందమర్రి గనుల్లోంచి సింగరేణి బొగ్గు రైళ్ళ మీద రైళ్ళు పోయేది. ఆ బొగ్గుతో ఎక్కడెక్కడో పట్నాలు వెలిగేవి. ఆ గనులకు కూతవేటు దూరంలో ఉన్న మన గూడేల్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి. బొగ్గు మన పక్కనుంచి పోయింది, వెలుగు మన పక్కకు రాలేదు.

ఇలాంటి కాలంలోనే, 1990ల చివర్లో, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస కానుగ నూనె మీద పని మొదలుపెట్టారు. కన్నడంలో కానుగను హొంగె అంటారు. పాతకాలంలో ఊరి జనం దీపాలకు వాడిన ఈ నూనె ఇంజనుకు ఎందుకు పనికిరాదు అన్నది ఆయన ప్రశ్న. కర్ణాటకలోని కగ్గనహళ్లి అనే ఊళ్ళో ఆ నూనెతో జనరేటర్లు నడిపి పొలాలకు నీళ్ళు తోడారు. ఆ పని చూసి మన ఉట్నూరు ఏజెన్సీలో కూడా మొదలుపెట్టారు. చల్పాడి అనే గూడెంలో, 2000 సంవత్సరం అటూ ఇటూగా, కానుగ నూనెతో జనరేటర్ నడిచింది. ఇళ్ళల్లో బల్బులు వెలిగినయ్.

అది ఎట్లా నడుస్తదో కొంచెం చెప్తాం, ఎందుకంటే ఇది మంత్రం కాదు, మనం చేసుకోగలిగిన పని. ఎండిన కాయలు ఏరాలి. కొట్టి పైపొట్టు తీయాలి. గింజలను ఎండబెట్టి నూనె మిల్లులో ఆడించాలి. ఊరి మిల్లులో సుమారు 4 కిలోల గింజకు 1 లీటరు నూనె వస్తుంది, దాదాపు 3 కిలోల పిండి మిగులుతుంది. నూనెను బాగా వడకట్టాలి. కానుగ నూనె డీజిల్ కంటే చాలా చిక్కన. అందుకని ఒకేచోట నిలిచి నెమ్మదిగా తిరిగే ఇంజన్లలో నేరుగా పోసి వాడతారు. మొదట కొద్దిసేపు డీజిల్ మీద స్టార్ట్ చేసి వేడెక్కాక నూనెకు మార్చడం, ఆపే ముందు మళ్ళీ డీజిల్‌కు మార్చడం మంచి పద్ధతి. లేకపోతే నూనె లోపల గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతది. లారీలు, కార్లలో వాడాలంటే ఇది చాలదు. నూనెలో మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా కలిపి వేడిచేసి గ్లిజరిన్ వేరు చేయాలి. అప్పుడు పలచగా అయ్యేదాన్నే బయోడీజిల్ అంటారు. ఊరి జనరేటర్‌కు అంత ఫ్యాక్టరీ అక్కర్లేదు.

మేము హాస్టల్‌లో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాం. చిన్న జనరేటర్ లీటరు నూనెకు సుమారు రెండున్నర నుంచి మూడు యూనిట్ల కరెంటు ఇస్తుంది. అంటే ఒక యూనిట్‌కు దాదాపు కిలోన్నర గింజ. 40 వాట్ల బల్బు రాత్రి 4 గంటలు వెలిగితే 160 వాట్ గంటలు. అంటే యూనిట్‌లో ఆరో వంతు. దానికి కావలసింది సుమారు పావుకిలో గింజ. ఏడాది మొత్తానికి తొంభై కిలోలు. బాగా ఎదిగిన కానుగ చెట్టు, నేలను బట్టి, పది కిలోల నుంచి తొంభై కిలోల దాకా గింజ ఇస్తుంది. అంటే ఇంటికి మూడు నాలుగు మంచి చెట్లుంటే ఏడాదంతా ఒక బల్బు. అదీ కాక మిగిలిన కానుగ పిండిలో నత్రజని ఉంటుంది, చేనుకు మంచి ఎరువు, పురుగును కూడా అదుపు చేస్తుంది. చెట్టు పప్పుధాన్యాల జాతిది కాబట్టి తన వేర్లతో కూడా నేలకు నత్రజని ఇస్తుంది. గింజ ఏరడానికి చెట్టు కొట్టే పనిలేదు. బొగ్గు బస్సుకూ కానుగ జనరేటర్‌కూ ఇదే పెద్ద తేడా. ఒకటి అడవిని కాల్చి నడిచింది. ఇది అడవి నిలబడితేనే నడుస్తది.

ఇప్పుడు పవర్‌గూడ సంగతి. జైనూరు మండలంలో సుమారు ముప్పై ఇళ్ళ చిన్న గూడెం. పేరు చూసి కరెంటు వల్ల వచ్చిన పేరు అనుకోవద్దు, ఆ పేరు నూనె మిల్లు రాకముందు నుంచే ఉంది. అక్కడ ఆడవాళ్ళు పొదుపు సంఘంగా ఏర్పడి వాటర్‌షెడ్ పనులు చేసుకున్నారు. ఐటీడీఏ సాయంతో నూనె మిల్లు వచ్చింది. పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వాళ్ళతో కలిసి పనిచేశారు. 2002లో ఆ ఆడవాళ్ళు 4,500 కానుగ మొక్కలు నాటారు.

2003 అక్టోబరులో జరిగింది వినండి. వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ సమావేశం. దానికి వచ్చేవాళ్ళు విమానాల్లో, కార్లలో తిరిగినందుకు గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువుకు బదులుగా ఎక్కడో ఒకచోట అంత వాయువు తగ్గించాలని ప్రపంచ బ్యాంకు అనుకుంది. ఆ తగ్గింపును పవర్‌గూడ ఆడవాళ్ళ దగ్గర కొన్నది. వచ్చే పదేళ్ళలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్ స్థానంలో వాడితే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్క. దానికి ఇచ్చిన సొమ్ము 645 డాలర్లు. ఆ డబ్బుతో వాళ్ళు కానుగ నర్సరీ పెంచారు. చల్పాడి కూడా అదే ఏడాది 900 టన్నుల తగ్గింపును జర్మనీకి చెందిన ఒక సంస్థకు 4,164 డాలర్లకు అమ్మింది.

ఈ అమ్మకం అర్థం కావాలంటే ఒక చిన్న సూత్రం తెలియాలి. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటుంది. గింజ నూనె కాల్చితే అదే వాయువు తిరిగి గాలిలోకి పోతుంది. మళ్ళీ చెట్టు తీసుకుంటుంది. చక్రం తిరుగుతది. డీజిల్, బొగ్గు అట్లా కాదు. కోట్ల ఏళ్ళ కింద భూమిలో పూడుకుపోయిన దాన్ని తీసి కొత్తగా గాలిలో కలుపుతాయి. అందుకే డీజిల్ బదులు కానుగ నూనె వాడితే తగ్గింపు అంటారు.

ఇది చదివినప్పుడు మాకు ముందు గర్వం వచ్చింది. బడి మొహం చూడని మన అమ్మలు, అవ్వలు ప్రపంచ బ్యాంకుతో కాగితం మీద ఒప్పందం చేసుకున్నారు. ఇంకా పెద్ద పెద్ద కంపెనీలకే కార్బన్ అమ్మకం సరిగ్గా తెలియని కాలం అది. తర్వాత పెన్ను తీసి లెక్క వేశాం. అప్పటి డాలరు విలువ సుమారు 45 రూపాయలు. 645 డాలర్లు అంటే దాదాపు 29 వేల రూపాయలు. పదేళ్ళ మాటకు 29 వేలు. ఏడాదికి 2,900. ముప్పై ఇళ్ళకు పంచితే ఇంటికి ఏడాదికి వంద రూపాయల దగ్గర. గర్వం పోలేదు గానీ దాని పక్కన ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. విమానం ఎక్కింది ఎవరో. వాళ్ళ పొగకు పదేళ్ళ పాటు గింజ ఏరి, నూనె తీస్తామని మాట ఇచ్చింది మనవాళ్ళు. ఆ మాట ఖరీదు ఇంటికి నెలకు పది రూపాయల లోపు. ధర ఎవరు పెట్టారు? మనవాళ్ళు బేరమాడే అవకాశం ఎంత ఉంది? కార్బన్ క్రెడిట్లు అని ఇప్పుడు మన ఊళ్ళ వైపు ఎవరు వచ్చినా ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

మన గూడేల్లో ఇది నడుస్తున్నప్పుడే ఢిల్లీలో ఇంకో లెక్క నడిచింది. 2003లో ప్రణాళికా సంఘం వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. 2011-12 నాటికి దేశంలో వాడే డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని, దానికి అడవి ఆముదం పెంచాలని చెప్పింది. ఆ 20 శాతానికి కోటి హెక్టార్లకు పైగా నేల కావాలి. అంత నేల ఎక్కడుంది? బంజరు భూముల్లో ఉంది అన్నారు. అడవి ఆముదం నీళ్ళు లేకపోయినా, ఏ రాతి నేలలో అయినా కాస్తుందని ప్రచారం జరిగింది.

ఈ బంజరు అనే మాట దగ్గర మనం ఆగాలి. పట్టా లేని నేల అంతా బంజరు అని కాగితంలో రాస్తారు. కానీ ఆ నేలలోనే మన పోడు ఉంటది. మన ఎడ్లు మేసేది అక్కడే. ఇప్పపువ్వు, చార, తునికాకు ఏరేది అక్కడే. కాగితం ఖాళీ అని చెప్పే నేల మీద మన సగం బతుకు ఉంది. అడవి హక్కుల చట్టం వచ్చింది 2006లో. అంటే ఆ ప్రణాళిక రాసేనాటికి ఆ నేల మీద మన హక్కును చెప్పే కాగితం కూడా మన చేతిలో లేదు.

ఆ ప్రణాళిక ఏమైందో చూడండి. నీళ్ళు లేకుండా అడవి ఆముదం మొక్క బతికింది గానీ కాయ సరిగ్గా కాయలేదు. కాయాలంటే దానికీ నీళ్ళు, ఎరువు కావాల్సి వచ్చింది. నమ్మి వేసిన రైతులు చాలాచోట్ల పీకేశారు. గింజలు విషం కాబట్టి పిల్లలు తెలియక తిని ఆస్పత్రి పాలైన వార్తలు కూడా వచ్చాయి. ప్రభుత్వం 2006 జనవరి నుంచి బయోడీజిల్‌ను లీటరు 25 రూపాయలకు కొంటామని ధర పెట్టింది. లీటరుకు నాలుగు కిలోల గింజ అనుకుంటే, మిల్లు ఖర్చు, మందు ఖర్చు, రవాణా ఏదీ లెక్కకట్టకుండా మొత్తం ఏరేవాళ్ళకే ఇచ్చినా కిలోకు ఆరుంబావు రూపాయలు. ఆ ధరకు ఎండలో కూర్చుని గింజలు ఎవరు ఏరుతారు? 2009లో కొత్త జీవ ఇంధన విధానం వచ్చింది. 20 శాతం గడువును 2017కు జరిపారు. 2018లో ఇంకో విధానం వచ్చింది. అందులో బయోడీజిల్ లక్ష్యం 5 శాతానికి దిగింది, గడువు 2030కి పోయింది. చెరకు, బియ్యం, మక్కలతో చేసే ఇథనాల్ మాత్రం ముందుకు పోయి 2025లో పెట్రోలులో 20 శాతానికి చేరింది.

తమాషా ఏమిటంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అధికారులు, శాస్త్రవేత్తలు అడవి ఆముదం కంటే కానుగ వైపే ఎక్కువ మొగ్గారు. మన నేలకు తెలిసిన చెట్టు, వందేళ్ళు బతికే చెట్టు, విత్తనం పక్క ఊళ్ళోనే దొరుకుతది. కానీ కానుగకు ఒక గుణం ఉంది. నాటాక కాపుకు రావడానికి నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళు పడుతుంది. పథకాలకు ఐదేళ్ళు కూడా ఓపిక ఉండదు. ఎలక్షన్ వచ్చేలోపు కాయ కాయాలంటే ఏ చెట్టూ వినదు.

మరి కానుగ జనరేటర్లు ఎందుకు అంతటా పాకలేదు అని మీరు అడుగుతారు. మేమూ అదే అడిగాం. మాకు అర్థమైనంత వరకు చెప్తాం. 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం మొదలైంది. పేద ఇళ్ళకు ఉచితంగా కనెక్షన్లు ఇచ్చారు. లైను కరెంటు రాయితీ మీద వస్తుంటే, యూనిట్‌కు కిలోన్నర గింజ ఏరి, ఎండబెట్టి, ఆడించే కష్టం ఎవరికైనా బరువే. పైగా సబ్బులకు, మందులకు, పురుగుమందులకు కానుగ నూనె కొనేవాళ్ళు ఉన్నారు. నూనెను కాల్చేకంటే అమ్ముకుంటేనే చేతికి నాలుగు పైసలు. ఇది మనవాళ్ళ చేతగానితనం కాదు, ఏ ఇల్లాలు లెక్క వేసినా ఇట్లనే వేస్తది. లైను కరెంటు మన హక్కు, అది రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. చదువుకునే పిల్లలకు, నీళ్ళ మోటారుకు, పిండి గిర్నీకి చిన్న జనరేటర్ చాలదు.

అయితే లైను వచ్చినంత మాత్రాన పాత పని ఓడిపోయినట్టు కాదు. రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు చల్పాడి, పవర్‌గూడ. చెట్టు ఊరిది, గింజ ఏరింది ఊరి ఆడవాళ్ళు, మిల్లు సంఘానిది, పిండి పోయింది సొంత చేనుకు. అది చిన్నగా ఉన్నా నిజంగా నడిచింది. ఇంకోవైపు కోటి హెక్టార్ల ప్రణాళిక. అందులో మనం నేలగా, కూలీగా మాత్రమే ఉన్నాం. మన మాట ఎక్కడా లేదు. అది కాగితం మీద ఎంత పెద్దదో నేల మీద అంత చిన్నదైంది. మొదటి దాంట్లో బెంగుళూరు ప్రొఫెసర్ ఉన్నాడు, ఐటీడీఏ ఉంది, ఇక్రిశాట్ ఉంది. బయటివాళ్ళు రాకూడదని మేము అనడం లేదు. వచ్చినవాళ్ళు మన చేతిలో మిల్లు పెట్టారా, లేక మన చేతిలోని నేల తీసుకున్నారా అన్నదే చూడాలి అంటున్నాం.

ఇదంతా పాత ముచ్చటే కదా అనుకోవద్దు. ఇప్పుడు కూడా అడవి వైపు చూపులు తిరుగుతున్నాయి. 2021లో కేంద్రం బొగ్గు కరెంటు ప్లాంట్లలో బొగ్గుతో పాటు పంట వ్యర్థాల గుళికలు కలిపి కాల్చాలని చెప్పింది. మొదట 5 శాతం, తర్వాత 7 శాతం. వరి గడ్డి, పత్తి కట్టె లాంటివి కాలబెట్టకుండా ఇట్లా వాడితే మంచిదే. మన దిక్కు పత్తి ఎంత పండుతదో మీకు తెలుసు, పత్తి కట్టె చేలల్లోనే కాల్చేస్తాం. కానీ ఆ పత్తి కట్టె మన పొయ్యిలోకి కూడా పోతుంది. రేపు దానికి ధర వస్తే ఎవరికి వస్తది, దళారికా, మనకా? ఇథనాల్ సంగతి తీసుకుంటే, మన పక్క నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో రైతులు, ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. మా నీళ్ళు, మా గాలి పాడైతదని ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్నారు. అధికారులు పనులు ఆపించాల్సి వచ్చింది. పచ్చ ఇంధనం అని పేరు పెట్టగానే అంతా పచ్చగా ఉండదని ఆ ఊళ్ళు చెప్పాయి.

మన చేతిలో ఇప్పుడు 2003లో లేని కొన్ని ఆయుధాలు ఉన్నాయి. 1996 నాటి పెసా చట్టం, 2006 అడవి హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనదని రాసిపెట్టాయి. కానుగ గింజ అందులోదే. 2013-14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు మొదటి పన్నెండు సరుకుల్లోనే కానుగ గింజ, ఇప్ప గింజ ఉన్నాయి. జీసీసీ డిపోలు ఉన్నాయి. చట్టం ఉన్నంత మాత్రాన ధర ఇంటికి నడిచి రాదు, అది మనకు తెలుసు. అంగట్లో కాంటా దగ్గర మన అమ్మలు ఎట్లా మోసపోతారో చూస్తూ పెరిగాం. కానీ అడగడానికి ఒక కాగితం ఉండటం, ఆ కాగితం చదవగలిగిన పిల్లలు ఇంట్లో ఉండటం కొత్త సంగతి. ఆ పిల్లలం మనమే.

అందుకని గ్రూపులో అందరికీ మా మనవి రెండే. సెలవులకు ఊరికి పోయినప్పుడు పెద్దోళ్ళను అడగండి. కానుగ నూనె, ఇప్ప నూనె ఎట్లా తీసేవాళ్ళు, ఏ గానుగలో ఆడించేవాళ్ళు, దీపం ఎంతసేపు వెలిగేది, కిరసనాయిలు ఏ ఏడాది వచ్చింది, కరెంటు స్తంభం ఏ ఏడాది పాతారు. రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చల్పాడి, పవర్‌గూడ దిక్కు చుట్టాలున్నవాళ్ళు అక్కడి ఆడవాళ్ళు చెప్పే మాటలు వాళ్ళ నోటనే తీసుకోండి. ఇప్పటిదాకా వాళ్ళ గురించి రాసింది ఎక్కువగా బయటివాళ్ళు. డాలర్లు రాశారు, టన్నులు రాశారు. మొదటిసారి బల్బు వెలిగిన రాత్రి ఆ గూడెంలో ఏమనుకున్నారో రాయాల్సింది మనం.

రెండోది, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, అగ్రికల్చర్ చదువుతున్న మనోళ్ళు ఉన్నారు. ప్రాజెక్టు వర్క్ అనగానే నెట్‌లోంచి ఏదో దింపుకోకుండా, మీ ఊళ్ళో కానుగ చెట్లు లెక్కపెట్టండి. ఏడాదికి ఎంత గింజ రాలుతుంది, ఎంత ఏరుతున్నారు, ఎంతకు అమ్ముతున్నారు, నూనె తీసి అమ్మితే ఎంత, పిండి చేనుకు వేస్తే ఎంత అని లెక్క తీయండి. జనరేటర్ నడపకపోయినా పర్వాలేదు. గింజగా అమ్మే దానికి, నూనెగా అమ్మే దానికి మధ్య ఉన్న డబ్బు ఎవరి జేబులోకి పోతుందో తెలుస్తది. రేపు ఎవరైనా కొత్త పథకం పట్టుకుని గ్రామసభకు వస్తే, ఆ లెక్క మన చేతిలో ఉండాలి.

ఆ దోస్తుకు జవాబు చెప్పామా అని అడుగుతారేమో. చెప్పాం. మొన్న మెస్‌లో అన్నం తింటూ చల్పాడి, పవర్‌గూడ ముచ్చట మొత్తం చెప్పాం. పావుకిలో గింజ, ఒక రాత్రి బల్బు లెక్క కూడా కాగితం మీద వేసి చూపించాం. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఊళ్ళె గూడ మస్తు కానుగ చెట్లున్నయ్ రా, గింజలు ఊరికెనే పోతయ్" అన్నాడు. ఈ సెలవుల్లో వాళ్ళ ఊరి చెట్లు లెక్కపెట్టి వస్తానన్నాడు. మనం కూడా మన ఊళ్ళ లెక్క తీసుకుని వద్దాం.

జై జంగుబాయి! జై కొమరం భీం! జై ఆదివాసీ!